ఆదికాండాన్ని గడియారంతో కొలవొద్దు

దేవుడు ఈ లోకాన్ని ఆరు వేల ఏళ్ల క్రితం, సరిగ్గా ఆరు రోజుల్లో, రోజుకు 24 గంటల లెక్కన సృష్టించాడు. ఇది నమ్మనివాడు బైబిలును నమ్మనట్టే. ఈ మాట ఇవాళ తెలుగు సంఘాల్లో చాలాచోట్ల చర్చకు తావులేని సత్యంగా చెలామణి అవుతోంది. యువజన కూటాల్లో, యూట్యూబ్ ప్రసంగాల్లో దీన్నే విశ్వాసానికి గీటురాయిగా పెడుతున్నారు. కాలేజీలో భూగర్భశాస్త్రం చదివే పిల్లవాడు ఒక ప్రశ్న అడిగితే, దానికి జవాబు చెప్పే ముందే అతని రక్షణ మీద అనుమానం మొదలవుతోంది.

ఈ వాదానికి మూడు ఆధారాలు చూపిస్తారు. మొదటిది, సంఘం ఆది నుంచీ ఇలాగే నమ్మిందనీ, డార్విన్ వచ్చాకే కొందరు బోధకులు లొంగిపోయారనీ. రెండోది, వాక్యం తేటగా ఇదే చెబుతోందని. మూడోది, 24 గంటలను వదిలేస్తే ఆదాము పాపం, క్రీస్తు సిలువ, పునరుత్థానం అన్నీ ఒకదాని వెంట ఒకటి కూలిపోతాయని. ఈ మూడింటిలో ఏదీ నిలవదు. బైబిలు దేవుని వాక్యమని నమ్మే విశ్వాసిగానే ఈ మాట అంటున్నాను. వాక్యాన్ని కాపాడుతున్నామనుకునే ఈ బోధ వాక్యం చెప్పని మాటను దాని నోట పెడుతోంది. అందుకే దీన్ని ఖండించాలి.

ముందు చరిత్ర చూద్దాం. మూడో శతాబ్దంలోనే ఓరిజెన్ ఈ ప్రశ్న వేశాడు: సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు లేకుండా మొదటి మూడు రోజులు ఎలా గడిచాయి? తెలివున్నవాడెవడూ వాటిని మామూలు రోజులనుకోడని ఆయన తేల్చాడు. పాశ్చాత్య సంఘం తన మహా గురువుగా గౌరవించే అగస్టీన్ ఐదో శతాబ్దం తొలి ఏళ్లలో ఆదికాండం మీద పెద్ద వ్యాఖ్యానం రాశాడు. దేవుడు సమస్తాన్నీ ఒక్కసారే, క్షణంలో సృష్టించాడనీ, ఆరు రోజులు మన గ్రహింపు కోసం పెట్టిన క్రమమనీ ఆయన అభిప్రాయం. ఆ రోజులు ఎలాంటివో ఊహించడం మనుషులకు బహు కష్టమని ‘దేవుని నగరం’ అనే గ్రంథంలోనూ చెప్పాడు. అగస్టీన్ కోట్ల ఏళ్ల వాదానికి మద్దతుదారు కాదు. మనుషుల చరిత్ర ఆరు వేల ఏళ్లలోపే అనుకున్నవాడు. అసలు విషయం అక్కడే ఉంది. ఆయన మీద ఏ శాస్త్రవేత్త ఒత్తిడీ లేదు. డార్విన్ పుట్టడానికి ఇంకా 1,400 ఏళ్లుంది. వాక్యాన్ని శ్రద్ధగా చదివి, ఇవి గడియారపు రోజులు కావన్నాడు.

అందరూ ఇలాగే చదవలేదన్నదీ నిజమే. నాలుగో శతాబ్దంలో కైసరయకు చెందిన బాసిల్ ఆ రోజులను 24 గంటలుగానే తీసుకున్నాడు. 1535లో ఆదికాండ ప్రసంగాలు మొదలుపెట్టిన లూథర్ అగస్టీన్‌ను పేరు పెట్టి మరీ కాదని, మామూలు ఆరు రోజులే అన్నాడు. కాల్విన్ కూడా ఆరు రోజుల పక్షమే. అయితే అదే కాల్విన్ 1554 నాటి వ్యాఖ్యానంలో ఒక చక్కని సూత్రం చెప్పాడు. మోషే చంద్రుణ్ణి రెండు గొప్ప జ్యోతుల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. ఖగోళ శాస్త్రజ్ఞులేమో శని గ్రహం చంద్రుడికన్నా పెద్దదని రుజువు చేస్తున్నారు. ఇందులో వైరుధ్యం లేదన్నాడు కాల్విన్. మోషే సామాన్యుల కంటికి కనబడేదాన్ని సామాన్యుల భాషలో చెప్పాడు. ఖగోళం నేర్చుకోవాలనుకునేవాడు వేరే చోటికి వెళ్లాలి. మొత్తానికి చరిత్ర చెప్పేది ఇది: ఆ రోజుల గురించి సంఘంలో మొదటి నుంచీ ఒకటికి మించి అభిప్రాయాలున్నాయి. వాటిలో ఒకదాన్ని మాత్రమే పట్టుకుని, ‘సంఘం ఎప్పుడూ ఇదే నమ్మింది’ అని బోధించడం సత్యం కాదు.

ఇక ఆరు వేల ఏళ్ల లెక్క. ఇది ఏ వాక్యంలోనూ లేదు. ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో వంశావళులను కూడి, క్రీస్తుపూర్వం 4004 అక్టోబరు 23ను సృష్టి మొదటి రోజుగా తేల్చాడు. 1701 నుంచి ఇంగ్లిష్ బైబిళ్ల అంచుల్లో ఆ తేదీలు అచ్చయ్యాయి. అంచులో ఉన్నది తరాలు గడిచేకొద్దీ వాక్యంతో సమానమైపోయింది. యూదుల లెక్కలో అదే సృష్టి క్రీస్తుపూర్వం 3761. తూర్పు సంఘాల లెక్కలో 5509. ఎందుకింత తేడా? కొంత లెక్కగట్టే పద్ధతి వల్ల, ఎక్కువగా మూల ప్రతుల్లోని అంకెలే వేరు గనక. ఆదికాండం ఐదో అధ్యాయం ప్రకారం ఆదాము నుంచి జలప్రళయం దాకా హీబ్రూ ప్రతిలో 1,656 ఏళ్లు, సమరయుల ప్రతిలో 1,307, గ్రీకు అనువాదంలో 2,200 పైచిలుకు. పైగా బైబిలు వంశావళులు ప్రతి తరాన్నీ లెక్కపెట్టవు. మత్తయి మొదటి అధ్యాయంలో యోరాము తర్వాత ఉజ్జియా వస్తాడు. మధ్యలోని ముగ్గురు రాజులు అహజ్యా, యోవాషు, అమజ్యా అక్కడ కనిపించరు. మత్తయి తప్పు రాశాడని ఏ విశ్వాసీ అనడు. వంశావళి ఉద్దేశం వంశాన్ని చూపడం. క్యాలెండర్ తయారుచేయడం కాదు. ప్రిన్స్‌టన్ సెమినరీలో బైబిలు అధికారం కోసం గట్టిగా పోరాడిన విలియం హెన్రీ గ్రీన్ 1890లో ఇదే వాదన చేశాడు. వీటిని కూడి సృష్టి తేదీ చెప్పలేమని తేల్చాడు.

డార్విన్‌కు భయపడి బోధకులు మాట మార్చారన్న ఆరోపణ కూడా తారీఖుల ముందు నిలవదు. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. భూమి అతి ప్రాచీనమని అప్పటికి ఎన్నో దశాబ్దాలుగా చెబుతున్నవారిలో ఆక్స్‌ఫర్డ్‌లో విలియం బక్లండ్, కేంబ్రిడ్జ్‌లో ఆడమ్ సెడ్జ్‌విక్ ఉన్నారు. ఇద్దరూ అభిషిక్తులైన ఆంగ్లికన్ పాదిరులు. ఇద్దరూ మొదట జలప్రళయపు గుర్తులు శిలల్లో దొరుకుతాయని నమ్మి వెతికినవారే. దొరకలేదని తేలాక బహిరంగంగా ఒప్పుకున్నారు. విశ్వాసాన్ని మాత్రం వదల్లేదు. స్కాట్లండ్ సంఘంలోని సువార్తికుల పత్రిక నడిపిన హ్యూ మిల్లర్ రాళ్లు కొట్టే పని నుంచి పైకొచ్చిన భూగర్భ పరిశోధకుడు; భూమి ప్రాచీనతను విశ్వాసంతోనే సమర్థించాడు. మన సేవకులు ఎంతో ఇష్టంగా ఉదాహరించే స్పర్జన్ కూడా 1855 నాటి ఒక ప్రసంగంలో, ఆదాముకు లక్షల ఏళ్ల ముందే భూమి ఉందన్న మాటను ఏ సంకోచమూ లేకుండా చెప్పాడు. 1909లో వచ్చి ప్రపంచమంతా సువార్తికుల చేతుల్లోకి వెళ్లిన స్కోఫీల్డ్ బైబిలు, ఆదికాండం మొదటి రెండు వచనాల మధ్యలోనే యుగాలకు చోటిచ్చింది. 1925లో అమెరికాలోని డేటన్ పట్టణంలో పరిణామవాదం మీద జరిగిన ప్రసిద్ధ విచారణలో బైబిలు పక్షాన నిలబడ్డ విలియం జెన్నింగ్స్ బ్రయన్ సైతం, అవి 24 గంటల రోజులే కానక్కరలేదని కోర్టులో చెప్పాడు.

మరి ఇవాళ మనం వింటున్న గట్టి రూపం ఎక్కడిది? సృష్టి వారం మామూలు వారం లాంటిదేనని తనకు దర్శనంలో చూపబడిందని ఎలెన్ వైట్ 1864లో రాశారు. ఆమె స్థాపకుల్లో ఒకరైన సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘానికి చెందిన జార్జ్ మెక్‌క్రెడీ ప్రైస్, శిలల పొరలన్నీ జలప్రళయంలోనే ఏర్పడ్డాయంటూ 1923లో ఒక పాఠ్యగ్రంథం తెచ్చాడు. 1961లో జాన్ విట్‌కమ్ అనే వేదాంత పండితుడు, హెన్రీ మారిస్ అనే జలవనరుల ఇంజినీరు కలిసి ఆ వాదాన్నే ‘ద జెనెసిస్ ఫ్లడ్’ అనే పుస్తకంగా విస్తరించారు. అక్కడి నుంచే అది అమెరికా సువార్తిక సంఘాల్లో పాకి, పుస్తకాల్లో, వీడియోల్లో మన దాకా వచ్చింది. ఇది ‘పితరుల విశ్వాసం’ అని చెప్పేవారు ఈ చరిత్ర తెలుసుకోవాలి. మామూలు ఆరు రోజుల నమ్మకం పాతదే. దాన్ని కాదన్నవాణ్ణి సంఘం బయట నిలబెట్టడం మాత్రం కొత్త.

ఇప్పుడు వాక్యం దగ్గరికే వద్దాం. సాయంత్రం, ఉదయం ఉన్న రోజు మామూలు రోజే అంటారు. ఒప్పుకుంటాను. ఆ వర్ణనలో కనిపించేది మనుషులు ఎరిగిన రోజే. కానీ వర్ణనలో మామూలు రోజు ఉన్నంత మాత్రాన అది కాలపట్టిక అయిపోదు. సూర్యచంద్రులు వచ్చేది నాలుగో రోజున. పగటినీ రాత్రినీ వేరుచేయడానికీ, దినాలనూ సంవత్సరాలనూ సూచించడానికీ వాటిని ఉంచినట్టు వాక్యమే చెబుతోంది. అంటే రోజును కొలిచే సాధనం నాలుగో రోజు దాకా లేదు. దేవుడు అప్పటిదాకా వేరే వెలుగుతో రోజులు నడిపాడని జవాబిస్తారు. దేవుడికి అది అసాధ్యమని ఎవరూ అనరు. అయితే ఆ వెలుగు 24 గంటలకోసారి తిరిగిందన్న మాట వాక్యంలో ఎక్కడుంది? అక్షరార్థాన్ని కాపాడటానికి వాక్యంలో లేనిదాన్ని చేర్చాల్సి వచ్చిందంటే, అక్షరార్థం అక్కడే ఆగిపోయింది.

రెండో అధ్యాయం మరింత తేటగా మాట్లాడుతుంది. మనిషిని చేయకముందు పొలంలో మొక్కలు లేవు. ఎందుకంటే ఇంకా వాన కురవలేదు, నేల సేద్యం చేసే మనిషి లేడు. మొదటి అధ్యాయంలో చెట్లు మూడో రోజున, మనిషి ఆరో రోజున. నీళ్లలోంచి ఆరిన నేల బయటపడి మూడు రోజులే అయితే, వాన లేకపోవడం మొక్కలు లేకపోవడానికి కారణమవుతుందా? రెండో అధ్యాయం రాసినవాడికి రుతువులూ వానలూ నడిచే మామూలు కాలమే మనసులో ఉంది. ఇక ఆరో రోజునే ఆదాము సృష్టి, తోట నాటడం, చెట్లు మొలవడం, సమస్త పశువులకూ పక్షులకూ పేర్లు పెట్టడం, వాటిలో తనకు తగిన తోడు లేదని తేలడం, గాఢనిద్ర, హవ్వ సృష్టి, ఇవన్నీ ఒక్క పగటిలోనే జరగాలి. ఏడో రోజు సంగతి చూడండి. ఆరు రోజులకూ వచ్చిన సాయంత్రం, ఉదయం అనే ముగింపు దానికి లేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో ఆ విశ్రాంతి ఇంకా తెరిచే ఉందని, అందులో ప్రవేశించమని విశ్వాసులను పిలుస్తుంది. ఏడో రోజు 24 గంటల్లో ముగియలేదని అపొస్తలుల కాలపు రచనే సూచిస్తుంటే, మిగిలిన ఆరింటికీ గంటలు లెక్కగట్టే అధికారం మనకెవరిచ్చారు?

ఆ ఆరు రోజుల అమరిక చూసినవారికి రచయిత ఉద్దేశం దాగదు. మొదటి రోజు వెలుగు, నాలుగో రోజు వెలుగునిచ్చే జ్యోతులు. రెండో రోజు ఆకాశం, జలాలు. ఐదో రోజు వాటిలో తిరిగే పక్షులు, చేపలు. మూడో రోజు నేల, పచ్చదనం. ఆరో రోజు ఆ నేల మీద బతికే జంతువులు, మనుషులు. మొదటి మూడు రోజుల్లో చోట్లు సిద్ధమయ్యాయి, తర్వాతి మూడింటిలో అవి నిండాయి. శూన్యంగా, నిరాకారంగా ఉన్నదానికి రూపం ఇచ్చి నింపిన క్రమం అది. దేవుని పనిని మనుషుల పని వారం రూపంలో చెప్పి, వినేవారి జీవితాన్ని ఆ క్రమంలో నిలబెట్టడం దాని ఉద్దేశం.

దీనికి ఎదురుగా నిర్గమకాండం 20వ అధ్యాయాన్ని చూపిస్తారు. దేవుడు ఆరు రోజుల్లో చేసి ఏడో రోజు విశ్రమించాడు గనక మీరూ అలాగే చేయండని ఆజ్ఞ. ఈ పక్షానికున్న బలమైన వాదం ఇదే. దీన్ని దాటవేయకూడదు. అయితే దేవుడు విశ్రమించాడన్న మాటను ఎలా చదువుతున్నాం? దేవుడు అలసిపోయాడని ఏ సేవకుడూ బోధించడు. ఆయన సొమ్మసిల్లడు, అలయడు అని యెషయా 40వ అధ్యాయం చెబుతోంది. అంటే దేవుని విశ్రాంతి మన విశ్రాంతికి నమూనాయే తప్ప అలాంటిదే కాదని అందరూ ఒప్పుకుంటున్నారు. విశ్రాంతి నమూనా అయినప్పుడు అదే వాక్యంలోని పని దినాలు నమూనా ఎందుకు కాకూడదు? లేవీయకాండం 25వ అధ్యాయం ఇదే నమూనాను ఏళ్లకు వర్తింపజేసింది: ఆరేళ్లు సేద్యం, ఏడో ఏడు భూమికి విశ్రాంతి. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో అదే ఆజ్ఞకు సృష్టి ప్రస్తావనే రాదు. ఐగుప్తులో దాసులుగా ఉన్నది గుర్తుచేసి, అందుకే విశ్రమించమంటుంది. ఆజ్ఞకు బలం దేవుని స్వభావం నుంచి వస్తోంది, గంటల నుంచి కాదు.

ఇవతలి పక్షం చేసే పొరపాటునూ వదలకూడదు. ఒక్కో రోజు ఒక్కో యుగమనీ, బైబిలు మహావిస్ఫోటాన్ని ముందే చెప్పిందనీ కొందరు సంబరపడతారు. ప్రభువు దృష్టికి వెయ్యి ఏళ్లు ఒక దినంలాంటివన్న పేతురు మాటను గుణకారానికి వాడతారు. పేతురు అక్కడ చెబుతున్నది దేవుని దీర్ఘశాంతం గురించి. వరుస కూడా కుదరదు: ఆదికాండంలో సూర్యుడికి ముందు చెట్లున్నాయి, నేల జంతువులకు ముందు పక్షులున్నాయి, శిలల సాక్ష్యం అలా లేదు. ఆదికాండాన్ని నేటి సైన్సు పుస్తకం చేయబోతే, రేపు సైన్సు మారినప్పుడల్లా వాక్యానికి కొత్త అర్థం వెతుక్కోవాల్సి వస్తుంది. 24 గంటలవారిదీ యుగాలవారిదీ ఒకటే తప్పు. వాక్యం ఇవ్వని కొలతను ఇద్దరూ దాని నుంచి రాబట్టబోతున్నారు.

మరి ఆ అధ్యాయం ఏం చెబుతోంది? బబులోనులో సూర్యుడు షమాష్ అనే దేవుడు, చంద్రుడు సిన్ అనే దేవుడు. వారి సృష్టికథలో మనుషులను చేసింది దేవతల చాకిరీ మోయడానికి. ఆదికాండంలో సూర్యచంద్రులు కేవలం దీపాలు. వాటికి మొక్కేది లేదు. మనిషి దేవుని స్వరూపం. ఆ కాలంలో ఎక్కువగా రాజుకే చెప్పే ఆ గౌరవం స్త్రీపురుషులందరికీ దక్కింది. ఆ వారం చివర పని ఆగుతుంది. నిర్గమకాండం ఆ విశ్రాంతిని దాసుడికీ దాసికీ ఎద్దుకూ గాడిదకూ పరదేశికీ పంచుతుంది.

దీని బరువు తెలుగు సంఘాలకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ, మాదిగ పల్లెల నుంచి వచ్చిన విశ్వాసుల ముందు ముఖ్యంగా మూడు షరతులు పెట్టాడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. వెట్టికి పిలిస్తే ఏ రోజైనా వెళ్లి తీరాల్సిన మనిషి, వారంలో ఒక రోజు నాది కాదు, ఆసామిది కాదు, దేవుడిది అని చెప్పడం ఆ పల్లెల్లో ఎంత సాహసం! ఏడో దినం అర్థం వాళ్లు ఒంటితో తెలుసుకున్నారు. ఆ దినం ఎన్ని గంటలని వారెవరూ అడగలేదు. వారి మనవలకు ఇవాళ మనం ఆ అధ్యాయంలోంచి గంటలు మాత్రమే నేర్పుతున్నాం. ఇది వారసత్వాన్ని పోగొట్టుకోవడం.

పాపం లేకముందు మరణం ఎలా ఉంటుంది, ప్రాచీన భూమిని ఒప్పుకుంటే రోమా ఐదో అధ్యాయం ఏమవుతుంది అని అడుగుతారు. ఆదికాండం ఆదిలో ఆహారంగా పచ్చని మొక్కలనే చెప్పిందన్నది నిజమే. అది ఆలోచించాల్సిన విషయమే. కానీ పౌలు అక్కడ చెప్పింది మరణం మనుషులందరికీ వ్యాపించిందని. సింహాలకూ చేపలకూ అని కాదు. సృష్టిని కీర్తించే 104వ కీర్తనలో సింహపు పిల్లలు వేట కోసం గర్జించి దేవుని దగ్గరే ఆహారం అడుగుతాయి. కీర్తనకారుడు దాన్ని శాపంగా ఏడవడు, దేవుని జ్ఞానంగా స్తుతిస్తాడు. ఇక పునరుత్థానం సంగతి. ఒకటో కొరింథీ 15వ అధ్యాయంలో పౌలు కేఫాను, పన్నిండుమందిని, ఐదు వందలకు పైబడిన సహోదరులను, యాకోబును సాక్షులుగా నిలబెడతాడు. వారిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు. అది సాక్షులున్న సంఘటన. సృష్టికి మనిషి సాక్షి లేడు. రెండింటినీ ఒకే తాడుకు కట్టి, ఇది తెగితే అదీ తెగుతుందని పిల్లలకు నేర్పేవారు పునరుత్థానాన్ని బలపరచడం లేదు. దాన్ని అనవసరంగా ప్రమాదంలోకి నెడుతున్నారు.

ఆఖరి ఆశ్రయంగా ఒక మాట వినిపిస్తుంది: ఆదామును పెద్దవాడిగా చేసినట్టే, దేవుడు భూమిని పాతదిగా కనబడేలా చేశాడు. ఫిలిప్ గాస్ 1857లోనే ఈ వాదంతో పుస్తకం రాశాడు. ఆయన స్నేహితుడు, పాదిరి అయిన చార్లెస్ కింగ్స్‌లీయే దాన్ని ఒప్పుకోలేదు. దేవుడు శిలల నిండా అబద్ధం రాశాడని తాను నమ్మలేనన్నాడు. ఆయన బాధ సరైనది. 1987 ఫిబ్రవరిలో ఒక నక్షత్రం పేలడాన్ని ప్రపంచం చూసింది. అది దాదాపు 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే ఆ వెలుగు అన్నేళ్ల కిందట బయలుదేరింది. లోకం వయసు ఆరు వేల ఏళ్లే అయితే ఆ నక్షత్రం ఎన్నడూ పేలలేదు. జరగని సంఘటనను దేవుడు మన కళ్లకు చూపించాడని చెప్పాలి. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర కనుగొన్న సింగరేణి బొగ్గు పొరలు 25 కోట్ల ఏళ్లకు పైబడినవి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్న కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు తెలంగాణ నేలలోంచి తీసినవి. ఆకాశాలు దేవుని మహిమను వివరిస్తాయని నమ్మే మనం, అవి మోసం చేస్తున్నాయని బోధించగలమా? అబద్ధమాడనేరని దేవుణ్ణి కొలిచేవారికి ఈ వాదం అన్నిటికన్నా ప్రమాదకరం.

అగస్టీన్ తన వ్యాఖ్యానంలో ఒక హెచ్చరిక చేశాడు. ఆకాశం గురించీ భూమి గురించీ చదువుకున్న అన్యుడి ముందు విశ్వాసి లేఖనాల పేరుతో పొరపాటు మాటలు చెబితే, ఆ అన్యుడు పునరుత్థానం గురించి అదే లేఖనాలు చెప్పేది ఎలా నమ్ముతాడని అడిగాడు. పదహారు వందల ఏళ్ల కిందటి ఈ మాట ఇవాళ మన కాలేజీ పిల్లల పట్ల అక్షరాలా నిజమవుతోంది. 24 గంటలను వదిలేయడమో క్రీస్తును వదిలేయడమో, రెండిట్లో ఒకటి తేల్చుకోమని మనమే వారిని నిలదీస్తే, వారిలో కొందరు క్రీస్తును వదిలేసినప్పుడు ఆ నేరం డార్విన్‌ది కాదు.

ఆరు మామూలు రోజులని నమ్మే విశ్వాసులు నా సహోదరులే. బాసిల్, లూథర్ వారి పక్షాన ఉన్నారు. ఆ నమ్మకాన్ని మానుకోమని అడగడం లేదు. దాన్ని సువార్తకు ద్వారపాలకుడిగా నిలబెట్టడం మానమంటున్నాను. సేవకులు పల్పిట్ మీద ఓరిజెన్, అగస్టీన్, కాల్విన్, స్పర్జన్ ఏం చెప్పారో కూడా చెప్పండి. సండేస్కూల్లో ఆదికాండం మొదటి అధ్యాయం నేర్పేటప్పుడు, సూర్యుడు దేవుడు కాడనీ, ప్రతి మనిషీ దేవుని స్వరూపమనీ, పనిమనిషికీ విశ్రాంతి హక్కుందనీ నేర్పండి. భూగర్భశాస్త్రం చదివే అమ్మాయి ప్రశ్న అడిగితే ఆమె రక్షణను శంకించకండి. సృష్టికర్త చేసిన రాళ్లనే ఆమె చదువుతోంది.